ఎనిమిది గంటల రెండు నిమిషాలకు ఆగిన గాలి

మా అత్తమ్మకు నిశ్శబ్దం పడదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, కమలవ్వకు చప్పుడు లేకపోవడం పడదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు పక్కన పుట్టింది, ఇంకో షెడ్డు పక్కింటికి కోడలిగా పోయింది. అక్కడివాళ్లు సాంచాలు అని పిలిచే ఆ మగ్గాల మోతలో యాభై ఏళ్లు హాయిగా నిద్రపోయింది. కరీంనగర్‌లో మా ఇంటికొచ్చాకే నిద్ర కరువైంది. ఆమె కోసమే గడగడలాడే టేబుల్ ఫ్యానును మూడేళ్లుగా బాగు చేయించకుండా ఉంచాను. ఆ మర్యాదకైనా నా పప్పుచారుకు వంకలు పెట్టడం మానుతుందని ఆశపడ్డాను. ఫ్యానూ మారలేదు, ఆమె కూడా మారలేదు.

పోయిన గురువారం సిరిసిల్లలో ముత్యం సేటు మగ్గాల షెడ్డు పక్కనున్న చెల్లె ఇంట్లో పడుకుని, శుక్రవారం పొద్దున వచ్చి చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

“రాత్రి ఒక్క కునుకు తియ్యలే నవీనా. ఎనిమిదింటికి సాంచాలు నిలిచినయి, పదింటిదాక సురూ గాలే. నిద్ర ఎట్ల వడ్తది?”

“ఎనిమిదింటికి షిఫ్టు మారుతుంది కదా అత్తమ్మా. ఇరవై నిమిషాలు ఆగుతాయి, అంతే.”

“ఇరువై నిమిషాలా? నాకు గడియారం తెల్వదా?”

“అయితే కరెంటు పోయి ఉంటుంది.”

“మా చెల్లె ఇంట్ల ఫ్యాను తిరిగింది.”

“అయితే మీరు కలగన్నారు.”

నిద్రే పట్టని మనిషి కల ఎట్లా కంటుందని ఆమె అడిగింది. పాలు పొంగుతున్నాయని నేను వంటింట్లోకి పోయాను. పాలు పొయ్యి మీద లేవు. కానీ ఆ సంగతి ఆమెకు తెలియదు.

బుధవారం ఉదయం పదీ నలభైకి సిరిసిల్లలో ముత్యం సేటు షెడ్డు డాబా ఎక్కేటప్పుడు ఆ మాట నాకు గుర్తు కూడా లేదు.

కేసులో పోయిన వస్తువు ఒక గ్రహం. నూట నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న ఎర్రటి నక్షత్రం చుట్టూ నాలుగు రోజులకోసారి తిరుగుతుంది. భూమికి మూడు రెట్ల కన్నా కాస్త తక్కువ వెడల్పు, నెప్ట్యూన్ కన్నా చిన్నది. నక్షత్రానికి మరీ దగ్గర కాబట్టి మంట తగ్గించడం మర్చిపోయిన కుక్కర్ లాంటిది. దాన్ని కంటితో చూసినవాళ్లు లేరు. అది నక్షత్రానికి అడ్డంగా పోయినప్పుడు వెలుగు వెయ్యి పాళ్లలో మూడు పాళ్లు తగ్గుతుంది. లాప్‌టాప్‌లో వెలుగును చూపే గీత ఆ మేరకు కిందికి దిగుతుంది. దాని వేలిముద్ర అంతే.

లెక్క ప్రకారం గురువారం రాత్రి 8:20కి అది నక్షత్రం ముందుకు రావాలి. 8:31కి వచ్చింది. మా వాడకట్టులో నల్లానీళ్లకు పదకొండు నిమిషాలంటే ఆలస్యమే కాదు, గ్రహానికి మాత్రం పెద్ద తప్పు. దాన్ని పక్కనుంచి గుంజుతున్న ఇంకో గ్రహం ఉందేమో. కాబట్టి ఆ పదకొండు నిమిషాలను ముందు పట్టుకున్నవాళ్లదే పేరు.

పట్టుకున్నామని ఇద్దరన్నారు. ఒకరు ఆదిలాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ డాబా మీద టెలిస్కోపు నడిపే లెక్చరర్ సుధాకర్. ఇలాంటి గ్రహాల సమయాలు నమోదు చేసే వెబ్‌సైటుకు ఆయన శుక్రవారం మధ్యాహ్నం 2:15కి ఫలితం పంపాడు. రెండోది కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదివే హర్షిణి. ఆమె ఆదివారం ఉదయం 9:05కి పంపింది. రెండింట్లో అంకెలు ఒక్కటే, ఫోటోలూ ఒక్కటే. హర్షిణి ఏమంటుందంటే, శుక్రవారం పదిన్నరకు గెస్ట్ లెక్చర్ చెప్పడానికి కరీంనగర్ వచ్చిన సుధాకర్‌కు సరిచూడమని తనే పెన్‌డ్రైవ్ ఇచ్చింది. సుధాకర్ ఏమంటాడంటే, పాఠం కోసం పెన్‌డ్రైవ్ ఇచ్చింది తను. సాక్షి ఎవరూ లేరు.

మూడు గంటలకు కాలేజీలో కమిటీ. దొంగ అని తేలితే హర్షిణి పేరు కొట్టేస్తారు, బెంగళూరులో వచ్చిన పరిశోధన సీటు దానితోపాటే పోతుంది. ప్రిన్సిపాల్ మేడం, నేను ఒకే బెంచీ మీద కూర్చుని ఫిజిక్స్ చదివినవాళ్లం. ఆమె కుర్చీలోకి పోయింది, నేను వంటింట్లోకి వచ్చాను. పోయినవి వెతికిపెడతానని నాకు పేరుంది కాబట్టి నన్ను పిలిచింది. కానీ అంతకుముందే కమిటీ తరఫున విచారణాధికారిగా రిటైర్డ్ డీఎస్పీ అరుణ్‌కుమార్‌ను వేసింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో రాసిన రిపోర్టు దిద్దలేదని ఆయనకు పేరు.

ఆయన నాకన్నా ముందే డాబా మీద ఉన్నాడు, చంకలో ఫైలుతో.

“ఇంటి పని ఐపోయిందా మేడం?”

“పప్పు కడిగిపెట్టి వచ్చిన సార్. మీ రిపోర్టు ఐపోయిందా?”

“నిన్ననే.”

“విచారణ ఇయ్యాల గదా?”

“రిపోర్టు ముందుగాల రాసుకుంటే విచారణ జల్ది ఐతది.”

డాబా మధ్యలో సిమెంటు దిమ్మె, దాని మీద టెలిస్కోపు. కాలేజీ స్టోరులో మూలన పడి ఉన్నదాన్ని హర్షిణి అడిగి తెచ్చుకుంది. కింద షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు. ఆమె తండ్రి సిద్దిరాములు వాటికి మేస్త్రీ. నేను స్టీలు గ్లాసులో నీళ్లు పోయించి దిమ్మె మీద పెట్టాను. గ్లాసు అంచు నుంచి మధ్యకు సన్నటి వలయాలు ఆగకుండా నడిచాయి.

“నీళ్లకు చలి వెడుతున్నదా?” అన్నాడు అరుణ్‌కుమార్.

“సాంచాల దెబ్బ సార్. హర్షిణీ, ఫోటోలు చూపించు.”

హర్షిణి లాప్‌టాప్ తెరిచింది. పోయిన వారం సోమవారం రాత్రి ఏడున్నర: నక్షత్రాలన్నీ బియ్యపు గింజల్లా సాగి ఉన్నాయి. 8:02 నుంచి ఆవాల్లా గుండ్రంగా ఉన్నాయి. 8:22కి మళ్లీ బియ్యం. మంగళవారం, బుధవారం అదే వరస. షెడ్డు నడిస్తే బియ్యం, ఆగితే ఆవాలు.

“మరి ఆదిలాబాద్ కాలేజీ పాత ఫోటోలు?”

“అన్ని ఆవాలే అక్కా. ఆడ సాంచాలు లేవు గదా.”

“గురువారంవి?”

ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. 8:02 వరకు బియ్యం. 8:02 నుంచి ఆవాలు. 8:22 దాటింది, ఆవాలే. తొమ్మిది దాటింది, అప్పుడూ ఆవాలే.

అరుణ్‌కుమార్ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు ఆయన మీద కోపం వచ్చేది, పని సులువయ్యేది.

“నేను గూడ గియ్యే చూసిన మేడం. మీరొక్కలే చదువుకున్నోళ్లు కాదు. గీ డాబా మీద తీసిన ఫోటోలైతే 8:22కు మళ్ల వణకాలె. వణకలే. ఎందుకని అడిగితే కరెంటు పోయిందని గీ పిల్ల రాసిచ్చింది. సబ్‌స్టేషన్ల అడిగిన, గురువారం కరెంటు ఒక్క నిమిషం గూడ పోలే. ముత్యం సేటు సంతకం వెట్టిండు, సాంచాలు రాత్రంత నడిచినయని. అంటే గీ ఫోటోలు గీడివి కావు. గీడివి కాకుంటే గీ పిల్లవి కావు.”

ఆ వాదనలో సందు లేదు. అదే నన్ను చికాకు పెట్టింది.

మెట్ల మీద సిద్దిరాములు నిలబడి ఉన్నాడు, చేతిలో స్పానరుతో.

“సిద్దిరాములన్నా, గురువారం షిఫ్టు మారినంక సాంచాలు నిలిచినయా?” అని అడిగాను.

“లేదమ్మా. నడిచినయి.”

“రాత్రంతానా?”

“రాత్రంత.” మాట నాకు చెప్పాడు, చూపు హర్షిణి మీద ఉంది. ఆమె టెలిస్కోపు మూతను తుడుస్తోంది. అది శుభ్రంగానే ఉంది.

పదకొండూ ఇరవైకి అరుణ్‌కుమార్ వెళ్లిపోయాడు. నేను షెడ్డులోకి దిగాను. మాట వినబడాలంటే చెవిలో అరవాలి. మూలన బాలవ్వ కండెలు చుడుతోంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, రాత్రి షిఫ్టులో ఎవరైనా రాకపోతే ఆ పనీ ఆమే చేస్తుంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు, మొహం మాత్రం దగ్గరికి తెచ్చింది.

“ఓ బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి గదా. గా గ్రహం మల్లెప్పుడొస్తది?”

“ఏ గ్రహం బాలవ్వా?”

“గదే, మన హర్షిణిది. మస్తు పరేషాన్ చేసింది పో. రావాల్సిన యాళ్లకు రాలే. అందరం మెట్ల మీద కూసున్నం. రాదేమో అనుకున్నం. గప్పుడు గా డబ్బల గీత జర కిందికి దిగింది. సిద్దిరాములు ఏడ్సిండు.”

“ఎన్ని గంటలకు?”

“ఎనిమిదిన్నర...”

ఆమె చెయ్యి ఆగింది. ఎనిమిదిన్నరకు తను ఎక్కడ ఉండాలో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. దారం తెగిందన్నట్టు కండెను అటూ ఇటూ తిప్పి చూసింది. దారం తెగలేదు.

రాత్రి షిఫ్టు మనుషులంతా ఎనిమిదిన్నరకు మెట్ల మీద కూర్చుంటే సాంచాలు ఎవరు నడిపారు? అప్పుడు అత్తమ్మ మాట గుర్తొచ్చింది: ‘మా చెల్లె ఇంట్ల ఫ్యాను తిరిగింది.’ ఊళ్లో కరెంటు ఉంది, ఈ షెడ్డులో లేదు. గోడ మీద స్విచ్చి బోర్డు చూశాను. దూది పొట్టు ప్రతి డబ్బా మీదా వేలు మందాన పేరుకుంది. మెయిన్ ఫ్యూజు డబ్బా మీద మాత్రం పలుచగా, ఐదారు రోజుల వయసంత.

మా అత్తమ్మ శుక్రవారం పొద్దునే నా గుమ్మంలో నిలబడి ఈ కేసు పరిష్కరించింది. నేను లేని పాలు పొంగించి లోపలికి పోయాను.

హర్షిణిని గేటు బయటికి తీసుకుపోయాను.

“మీ బాపు ఫ్యూజు తీసిండు.”

“సేటు ఆనాడు మెట్‌పల్లి పెండ్లికి పోయిండు అక్కా. నేను అడగలే. సాంచాలు నడిస్తే గ్రహం జాడ దొరకదని బాపుకు ఒక్కపారి చెప్పిన, గంతే. బాపు పదకొండు మందిని అడిగిండట. ఎవ్వలు గూడ వద్దనలే. సాంచ నిలిస్తే వాళ్లకు కూలి లేదు, తెలుసు గదా.”

“ఈ మాట మూడింటికి చెప్తే నువ్వు గెలుస్తవు.”

“పదకొండు మంది పని పోతది. బాపు నిన్న నిజం చెప్త అన్నడు, నేనే చెప్పనని ఒట్టు వేయించుకున్న. చెప్పద్దక్కా. మాటియ్యి.”

ఇచ్చాను. డిటెక్టివ్‌లు అట్లాంటి మాటలు ఇవ్వకూడదు. కానీ ఆ పిల్ల వయసులో నాకు ఒక సీటు వస్తే, దాన్ని వదులుకోవడానికి నా దగ్గర ఇంత మంచి కారణం కూడా లేదు.

మూడింటికి కమిటీ గదిలో ప్రిన్సిపాల్ మేడం, అరుణ్‌కుమార్, సుధాకర్, హర్షిణి, నేను. సాక్షిగా ముత్యం సేటు, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మెట్‌పల్లి పెళ్లికీ అదే వేసుకుని ఉంటాడు. సిద్దిరాములు తలుపు బయట బెంచీ మీద ఉన్నాడు.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. సుధాకర్‌తో మొదలుపెట్టాను.

“సార్, గురువారం మీ ఫోటోలల్ల 8:02 దాక నక్షత్రాలు సాగి ఉన్నయి. ఎందుకు?”

“గాలి మేడం. ఆదిలాబాద్‌ల మా డాబా మీద గాలి ఎక్కువ.”

“మీ కాలేజీ వెబ్‌సైట్‌ల నలభై రాత్రుల ఫోటోలున్నయి. ఒక్కనాడు గూడ గాలి రాలేదా?”

“ఆనాడు వచ్చింది.”

“8:02కు నిలిచింది.”

“గాలి గదా. ఎప్పుడన్న నిలుస్తది.”

“సోమ, మంగళ, బుధవారాలు సిరిసిల్లలో హర్షిణి డాబా మీద కూడా 8:02కే నిలిచింది. సిరిసిల్ల షిఫ్టు టైము ఆదిలాబాద్ గాలికి ఎవరు చెప్పారు సార్?”

ప్రిన్సిపాల్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాలేజీ రోజుల్లో నవ్వు ఆపుకోవడానికి అట్లాగే చేసేది.

“ఇంకొక్కటి. ఆ గాలి మళ్లీ ఎప్పుడు లేచింది?”

సుధాకర్ తన కాగితాల వైపు చూశాడు. వాటిలో గీత ఉంది, గాలి లేదు. “తొమ్మిదిన్నరకు ఉండొచ్చు. రాత్రంత నక్షత్రాల ఆకారం చూసుకుంట కూసోను కదా.”

“సరే,” అన్నాడు అరుణ్‌కుమార్. “గాలి సంగతి నాకు గూడ నచ్చలే. కని సిరిసిల్ల డాబా అంటే, 8:22 తరువాత ఎందుకు వణకలే? ముత్యం సేటూ, మీ సాంచాలు నిలిచినయా?”

“నా షెడ్డా? నేను సచ్చినా నిలవయి.”

“మేడం, జవాబు ఉన్నదా?”

ఉంది. నాలుక చివర ఉంది. గోడ గడియారం 3:19. ముత్యం సేటు నా ఎదురుగా కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నేను గ్లాసు తీసుకుని నీళ్లు తాగాను. అరుణ్‌కుమార్ ఓపికగా చూశాడు. రెండో గ్లాసు కూడా తాగాను.

“లేదా?”

అప్పుడు హర్షిణి లేచి నిలబడింది. “ఫోటోలు నావి కావు సార్,” అంది. “సుధాకర్ సార్‌వే. నేను రాసిస్త. ఇగ ఎవ్వలనీ అడగకుండ్రి.”

సుధాకర్ ఊపిరి వదిలాడు. అరుణ్‌కుమార్ పెన్ను మూత తీశాడు. తలుపు తెరుచుకుంది.

సిద్దిరాములు లోపలికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

“బాపూ, వద్దు.”

“ఊకో బిడ్డా. సార్, ఫ్యూజు నేనే తీసిన. గురువారం. షిఫ్టు మారంగనే తీసి జేబుల వెట్టుకున్న.” తర్వాత ముత్యం వైపు తిరిగాడు. “మనుషులు వద్దన్నరు సేటూ, నేనే బలవంతం వెట్టిన. వాళ్ల తప్పు లేదు.”

రెండో ముక్క అబద్ధం. గదిలో దాన్ని ఎవరూ నమ్మలేదు.

అరుణ్‌కుమార్ లేచాడు. బల్ల మీది హర్షిణి లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు, తెర సిద్దిరాములుకు కనబడకుండా. అప్పుడు మొదటిసారి ఆయన నాకు పోలీసులా కనిపించాడు.

“బిడ్డను బచాయించెటందుకు ఎవడైనా వచ్చి గిట్లనే చెప్తడు. ఫ్యూజు మళ్ల ఎన్నింటికి వెట్టినవ్?”

“పదికి రెండు నిమిషాలు తక్కువ. గీత మీదికి లేశినంక ఇంకో పది, పదిహేను నిమిషాలు ఆగుమన్నది పిల్ల. బాలవ్వ గడియారం చూసి చెప్పింది, సాలు ఇగ వెట్టుమని.”

అరుణ్‌కుమార్ ఒక్కొక్క ఫోటో జరిపాడు. 9:55, ఆవాలు. 9:56, ఆవాలు. 9:57, ఆవాలు. 9:58, బియ్యం.

ఆయన మళ్లీ వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకు. మూడుసార్లు చూశాడు. సుధాకర్ సంచీ జిప్పు వేసుకున్న చప్పుడు గదంతా వినబడింది.

“కూర్చోండి సుధాకర్ గారూ,” అంది ప్రిన్సిపాల్ మేడం. “మీతో ఇంకా పనుంది.”

ఈలోగా ముత్యం సేటు లెక్క పూర్తయినట్టుంది. “గంటన్నర,” అన్నాడు సిద్దిరాములుతో. “నన్నడిగితే ఇయ్యకపోదునా?”

“ఇయ్యకపోదువు సేటూ.”

ముత్యం ఆలోచించాడు. “అవ్. ఇయ్యకపోదును.” రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పదకొండు మందిని ఒక్కనాడు బయటవెడితే ఇరువై నాలుగు సాంచాలు నేను నడుపుకోవాల్నా? గంటన్నర బట్ట అందరు కలిసి నేసియ్యుండ్రి. నా డాబా ఎక్కినందుకు ఆ గీత ఏందో నాకు గూడ చూపియ్యాలె.”

హర్షిణి కూర్చుంది.

అరుణ్‌కుమార్ ఫైలు తెరిచాడు. నిన్న రాసిన రిపోర్టు ఆఖరి పేజీలో ఒక వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. గీత వంకరగా వచ్చింది, అలవాటు లేని చెయ్యి కదా.

“ఆ దిద్దింది నోటితో చెప్తే పిల్ల వింటది సార్,” అన్నాను.

ఆయన నన్ను చూశాడు, తర్వాత హర్షిణిని. “నేను రాసింది తప్పు అమ్మా,” అన్నాడు. “ఫోటోలు నీవే.” తర్వాత నా వైపు తిరిగాడు. “మీకు ఫ్యూజు సంగతి ముందే ఎరుక. రెండు గ్లాసుల నీళ్లు గందుకే తాగిన్రు. ఎట్ల తెలిసింది?”

“మా అత్తమ్మ చెప్పింది సార్. శుక్రవారమే.”

“శుక్రవారం చెప్తే బుధవారం దాక ఏం చేసిన్రు?”

“కలగన్నారన్నాను.”

ఆయన బల్ల మీది నా ఫోనును వేలితో నా వైపు నెట్టాడు. “ఇగ మీ వంతు.”

అందరూ చూస్తున్నారు. సుధాకర్ కూడా. ఇంటికి ఫోన్ చేశాను.

“అత్తమ్మా, గురువారం సాంచాలు నిలిచినయి. ఎనిమిది నుంచి పదిదాక. మీరు చెప్పిందే నిజం.”

అటువైపు నిశ్శబ్దం. నిశ్శబ్దం పడని మనిషి దాన్ని అంతసేపు, అంత ఇష్టంగా పట్టుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ వినలేదు. వెనక టేబుల్ ఫ్యాను గడగడలాడుతోంది.

“అది ఐదు దినాల కింద నేను చెప్పిన ముచ్చట,” అంది కమలవ్వ చివరికి. “నువ్వేం చెప్తున్నవ్?”

“తప్పు నాది అత్తమ్మా,” అన్నాను.